మంగళవారం మ్యాట్నీ

డోంబివలిలో వాన.
స్టేషన్‌కి తూర్పు వైపు పాత హాలు,
బాల్కనీలో మూడో వరస, ఒక సీటుకి స్ప్రింగు లేదు.
ఎప్పట్లాగే అందులో మృణాల్ కూర్చుంది,
తేలికగా ఉంటుందని ఇరవై ఏళ్ల కిందట మేం పెట్టిన రూలు.
ఇప్పుడు తేలిక కాదు. రూలు మాత్రం మారలేదు.

ఈ పూట నాకు జ్వరం.
సబీహాకి పన్ను నొప్పి.
మృణాల్ అబద్ధం ఆడదు,
సెలవు చీటీ మీద "సినిమా" అని రాసింది.
మంజూరైంది.

తెర మీద నలుగురు.
ఒకడికి గిటారు, ఒకడు పుస్తకాల పురుగు,
ఒకమ్మాయి నవ్వితే క్యాంటీనంతా తిరిగి చూస్తుంది,
ఇంకొకమ్మాయికి కళ్లద్దాలు,
అందుకని ఆమె అందగత్తె అని
సెకండాఫ్ దాకా ఎవరికీ తెలియదు.
ఎవరికి ఎవరో టైటిల్స్ పడేటప్పుడే కనిపెట్టాం.
కనిపెడతామనే వచ్చాం.
అంతుపట్టని సంగతులు బయట బోలెడున్నాయి.

కాలేజీ గోడ దూకారు. దొరికిపోయారు.
ఒక్క స్కూటర్ మీద నలుగురూ ఎక్కారు.
"పోలీసులు పట్టుకోరా?" అంది సబీహా, గట్టిగా.
"సినిమా ఆంటీ, సినిమా" అన్నాడు వెనక వరస కుర్రాడు.
ఆంటీ అన్నందుకు మృణాల్ వెనక్కి తిరిగి
వాడి పాప్‌కార్న్‌లోంచి గుప్పెడు తీసుకుంది.
న్యాయం జరిగింది.

తర్వాత ఆ పాట.
నాలుగు నిమిషాల్లో పన్నెండేళ్లు.
మొదటి చరణంలో ఉద్యోగం, రెండో చరణంలో గడ్డం,
వయొలిన్లు పైకి లేచేసరికి
ఒకరి పెళ్లికి ఒకరు రాలేకపోయారు.

మాకూ ఉంది అలాంటి చరణం.
సబీహా నిఖాకి నేను వెళ్లలేదు.
వానకి రైళ్లు ఆగిపోయాయని చెప్పాను.
నిజమే, ఆగిపోయాయి.
నాలుగింటికి మళ్లీ కదిలాయి. అది చెప్పలేదు.
సబీహా తమ్ముడు రైల్వేలోనే పనిచేస్తాడు.

చీకట్లో, నా వైపు చూడకుండానే,
సమోసా రెండుగా విరిచి
బంగాళాదుంప ఎక్కువున్న ముక్క నా చేతిలో పెట్టింది.
తెర మీద కళ్లద్దాలమ్మాయి ఏడుస్తోంది.
నేనూ ఆ అమ్మాయితో పాటే కానిచ్చేశాను.

క్లైమాక్స్‌లోనూ వానే.
పుస్తకాల పురుగు పరిగెడుతున్నాడు,
పక్కనే ఖాళీ ఆటో వస్తున్నా ఎక్కకుండా.
"ఎక్కరా బాబూ" అంటున్నాం ముగ్గురం.
సరిగ్గా అప్పుడే హాలు కప్పు కారి
మృణాల్ భుజం మీద ఒక్కో చుక్కా.
ఆమె కదల్లేదు.
"ఎఫెక్టు బాగుంది" అంది.

దొరికిందమ్మాయి.
దొరక్కపోతే టికెట్ డబ్బులు అడిగేవాళ్లం.
చివర్న నలుగురూ ఆ పాత గోడెక్కి కూర్చున్నారు,
కాళ్లు ఊపుతున్నారు, దూకలేదు.
"మోకాళ్లు," అంది మృణాల్, అర్థం చేసుకున్నట్టు.

లైట్లు వెలిగాక వెనక కుర్రాడు
సీటు కింద ఏదో వెతుకుతున్నాడు,
చాలాసేపు, మొహం పైకెత్తకుండా.
మృణాల్ తన రుమాలు వాడి సీటు చేతి మీద పెట్టి వచ్చేసింది.

ప్లాట్‌ఫారం మీద ఫాస్ట్ లోకల్ సిద్ధంగా ఉంది, సగం ఖాళీగా.
"స్లో బండికి పోదాం" అంది సబీహా.
వాన వల్ల అదీ లేటేనట.
ఎంత లేటని నేను అడగలేదు.