ఏరేవాళ్లు

తెరువేల్ పీఠభూమి మీద అక్టోబర్ గాలికి
కత్తి అక్కర్లేదు,
చెవులు ఊరికే కోసుకుపోతుంది.
ఇక్కడ దిగిన విమానాలు మళ్లీ లేవవు.
కిటికీలకు వెండికాగితం, ఇంజన్ల మూతికి ఎర్రగుడ్డ,
ఆసుపత్రి వరండాలో పిలుపుకోసం కూర్చున్న
పెద్దమనుషుల్లా ఉంటాయి.

నా పేరు ఓరోసియా. నా పని ఏరడం.
తుపాకీ లాంటి పరికరం ఒకటిచ్చారు.
ముక్క మీద ఆనించి మూడు లెక్కపెడితే
దాని కులగోత్రాలన్నీ చెప్పేస్తుంది.
రెక్క పైచర్మం ఒక అల్యూమినియం, అందులో జింకు.
కిందిచర్మం ఇంకో అల్యూమినియం, అందులో రాగి.
కంటికి కవలలు,
మూసలో సవతులు.
కలిపి కరిగించామా,
ఆకాశానికి పుట్టినవి రెండూ
ఏ స్నానాలగది తలుపు చట్రంగానో
బతుకు వెళ్లదీయాల్సిందే.

పోయినేడు నిద్రకళ్లతో
తట్టెడు ఉక్కు బోల్టులు
అల్యూమినియం తొట్లో పోశాను.
సరగోసా కొలిమి నుంచి లారీ లారీగానే తిరిగొచ్చింది.
మేస్త్రీ మిల్యాన్ తిట్టలేదు.
నష్టం ఎంతో కాగితం మీద రాసి
నా టోపీలో పెట్టి వెళ్లాడు.
రివెట్లు ఊడదీసే ద్రిస్ మాత్రం,
"మా అమ్మా పప్పులో రాళ్లేరేది,
అయినా పళ్లు విరిగేవి" అన్నాడు.

ఇంటికెళ్లి చెబితే అమ్మమ్మ బ్రౌలియా
"తోక కలిపేశావన్నమాట" అంది.

హిలోకా లోయలో కుంకుమపువ్వు రోజుల మాట అది.
తెల్లారకముందే వంగి కోసిన పువ్వులు
బల్ల మీద ఊదారంగు గుట్ట,
చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, ఒక్క దీపం.
నడుం గిల్లి మూడు ఎర్రపోగులు లాగాలి.
పోగు మొదట్లో పాలిపోయిన తోకొకటి ఉంటుంది,
అది గుప్పెడు కలిసినా
వర్తకుడు మాట్లాడకుండా తక్కెడ మూసేస్తాడు.
పొద్దున్నకి రేకులన్నీ వీధిలో.
బడికెళ్లే పిల్లల చెప్పులకు అంటుకుని
అక్షరాలదాకా వెళ్లేవట.

ఇప్పుడామెకు తొంభై ఒకటి. చూపు లేదు.
పెరట్లో నాలుగు సాళ్లు మాత్రం వదల్లేదు,
వేళ్లతోనే చూసి ఒలుస్తుంది.

చట్టం ఒప్పుకోని పని ఒకటి చేశాను:
ఇంజన్ లోపలి రెక్కనొకదాన్ని
రొట్టెల డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాను.
అరచేయంత లేదు.
ఒకే స్ఫటికంగా పోతపోసింది,
నిప్పుల గొంతులో ఇరవై ఏళ్లు తిరిగింది.
అందులో రీనియం నూటికి మూడు పాళ్లు.
ఆ మూడింటి కోసం
మిగతా తొంభై ఏడునీ పసిబిడ్డలా మోస్తాం.

అమ్మమ్మ అటూ ఇటూ తిప్పింది.
సన్నటి రంధ్రాల మీద వేలు ఆగింది.
"పురుగు తిందా?"
"లేదు, గాలి పోవడానికి."
"ఎందులోదిది?"
"ఎగిరేదాంట్లోది."
"నువ్వెప్పుడైనా ఎక్కావా?"
విప్పాను గానీ ఎక్కలేదన్నాను.
"కిలో పువ్వుకి రెండు లక్షల పువ్వులు కోశాం.
మరి కిలో దీనికి?"
నాకు లెక్క రాలేదు.
ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది,
చాలాసేపు.
"ఇంత ఖరీదంటావు,
వాసనే లేదే!"

మర్నాడు మిల్యాన్ రాకముందే వెళ్లాను.
గాలికి ఎర్రగుడ్డలు టపటప కొట్టుకుంటున్నాయి.
రెక్కని బల్ల మీద పెట్టి పరికరం ఆనించాను.
నికెల్ అంది. కోబాల్ట్ అంది. టంగ్‌స్టన్ అంది.
కాస్త ఆగి, రీనియం అంది.

అంచు మీద బొటనవేలంత పసుపు మచ్చ.
దాని గురించి ఏమీ అనలేదు.
ఇంకోసారి ఆనించాను, సరిగ్గా మచ్చ మీదే.
మళ్లీ అవే పేర్లు.

తుడవలేదు.
తొట్లో వేసి
బరువు రాశాను.