అక్కడక్కడా

మార్గశిరం నడుమ
రాత్రికి రాత్రే చలి మాయమైంది.
దుప్పటి కాళ్ళతో తన్నేసి
మా ఇంటి ఓనరు దాలమ్మ తెల్లారి అంది:
"ఇది మంచి వెచ్చన కాదు పాపా."

శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర.
ఫోనులో ఏడో నంబరు బులెటిన్ పడింది.
కళింగపట్నం పక్క ఊరికి వ్యవసాయ సహాయకురాలిని నేను,
రెండేళ్ళ ఉద్యోగం.
సచివాలయం మైకు పట్టుకుంటే ఇప్పటికీ గొంతు తడారుతుంది.

ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండం.
శనివారం రాత్రికి తుపానుగా బలపడవచ్చు,
ఆదివారం తీరానికి దగ్గరగా రావచ్చు.
చాలాచోట్ల మోస్తరు,
అక్కడక్కడా భారీ నుంచి అతి భారీ వర్షాలు.
ఇన్ని 'వచ్చు'లు నేను చదువుతుంటే
స్తంభం కింద కుక్క నిద్రపోయింది.

వేటకు వెళ్ళొద్దని చదివాను.
మైలపల్లి ఎర్రయ్య అప్పటికే తెప్పని
సరుగుడు తోట దాకా ఈడ్చేశాడు.
"ఆ మాట సముద్రం పొద్దున్నే సెప్పీసింది" అన్నాడు, నవ్వలేదు.

కోసిన చేను కుప్ప వేసుకోమని చదివాను.
పావుగంటలో నూర్పు మిషను రేటు
గంటకి ఆరొందలు పెరిగింది.
పనలు తడిస్తే మొలకెత్తకుండా
లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి చల్లమన్నాను.
అన్నాక నాకే వింతగా తోచింది,
సముద్రం పంపే తడికి
సముద్రం ఉప్పే విరుగుడు.

మైకు కట్టేసి వస్తే
మెట్ల మీద కౌలు రైతు తవిటమ్మ.
ఎకరం పది సెంట్లు, కోసి మూడు రోజులు.
"అక్కడక్కడా అన్నావు కదమ్మా,
ఆ అక్కడల్లో మన కళ్ళం ఉందా, లేదా?
నీ ఫోనులో ఓపాలి సూడు."

చూశాను. నిజంగానే చూశాను.
పసుపు, నారింజ రంగుల పటంలో
జిల్లా మొత్తం నా బొటనవేలి కింద పట్టేసింది.
వేళ్ళతో లాగి పెద్దది చేస్తే
రంగు మసకైంది తప్ప
ఊరు రాలేదు, చేను రాలేదు.
"అంత చిన్న చోట్లు ఇందులో ఉండవు" అన్నాను.
"వానకయితే తెలుస్తాది" అంది.

రాత్రి పదకొండు. ఎర్రయ్య టార్చి పట్టాడు.
బరకాలు శ్రీకాకుళంలో కూడా అయిపోయాయి.
కుప్ప మీద పాత ఎన్నికల ఫ్లెక్సీ బోర్లా కప్పాం.
చేతులు జోడించిన అభ్యర్థి ఎవరో
గెలిచాడో ఓడాడో గుర్తు లేదు,
ఇప్పుడు వడ్లకి దణ్ణం పెడుతున్నాడు.
మూడు మూలలకి ఇటుకలు,
నాలుగో మూలకి తవిటమ్మ రుబ్బురోలు పొత్రం.

జేబులో ఫోను మోగింది. ఎనిమిదో నంబరు.
చేతుల నిండా వరి నుసి, తీయలేదు.
కొబ్బరాకు కదలడం లేదు.
ముందే కలిపి పెట్టుకుంటానని
తవిటమ్మ బకెట్టు ముందు ఉప్పు పాకెట్టు కొరికి చించింది.
"యాబయి గ్రాములంటే ఎంతమ్మా, పిడికిడా?"

నా పిడికిలి చూపించబోయి
ఆగిపోయాను.
ఆమెది నా దానికంటే చాలా పెద్దది.