వాలిన ముద్ర

సండర్లండ్‌కి ఈవల, వాషింగ్టన్ అనే ఊళ్ళో
(అమెరికాది కాదు, దానికంటే పాతది)
కారు తలుపులకి రబ్బరు అంచులు చేసే కంపెనీ మాది.
రెండో అంతస్తు. నాణ్యత విభాగం.
కిటికీలోంచి చూస్తే గిడ్డంగులు, నాలుగు గొర్రెలు, వాన.

షిగెమత్సు గారు లేవందే ఎవరూ లేవకూడదని
ఏ కాగితం మీదా రాసి లేదు.
డెనిస్ ఐదింటికల్లా కోటు తగిలించుకుని
"రేపు కలుద్దాం, షిగ్" అంటూ
ఆయన భుజం తట్టి వెళ్ళిపోతుంది.
చెయ్యి పడ్డచోట కాసేపు కదలకుండా ఉంటారాయన,
పిట్ట ఎగిరిపోయిన కొమ్మ
ఊగాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు.

నేను కూర్చునే ఉంటాను.
భయమా, అని అడిగింది డెనిస్.
భయం కాదు.
మా భాషలో 'నువ్వు'కీ 'మీరు'కీ మధ్య ఒక గడప ఉంటుంది.
ఇంగ్లీషు వచ్చి దాన్ని చదును చేసేసినా
నా కాలు ఇంకా అక్కడ ఎత్తే పడుతుంది.

ఆయన 'హై' అంటే ఒప్పుకున్నారనుకుంటుంది డెనిస్.
మూడు వారాలయ్యాక, పని జరగలేదేమని మండిపడుతుంది.
అది ఒప్పుకోలు కాదే తల్లీ,
కథ చెప్తుంటే కొట్టే ఊఁ.
వింటున్నాను, చెప్పు, ఇంకా నిద్రపోలేదు.
అంతే.

ఫిబ్రవరిలో ఒక కొలత తప్పు రాశాను.
మిల్లీమీటరులో మూడో వంతు.
పదకొండు వేల అంచులు లారీల్లో వెనక్కొచ్చాయి.
తిట్లు తినడానికి తయారై వెళ్ళాను,
మొహం కడుక్కుని, జడ బిగించుకుని.
ఆయన నా వైపు చూడలేదు.
ఫోను చెవికి ఆనించుకుని
నగోయాలో ఉన్న ఎవరికో
నడుము దాకా వంగారు.
మళ్ళీ వంగారు.
టై చివర టీ కప్పులో మునిగింది.
నా పేరు, నేను విన్నంతవరకూ, ఒక్కసారి కూడా రాలేదు.

తిడితే బాగుండేది.
ఇంటికెళ్ళి నేనూ తిట్టుకునేదాన్ని, లెక్క సరిపోయేది.

ఎందుకు లేవరో ఆ రాత్రి తెలిసింది.
మాకు అర్ధరాత్రయితే అక్కడ ఉదయం తొమ్మిది,
ఆయన పైవాడు వచ్చి కుర్చీలో కూర్చునే వేళ.
అక్కడ పైవాడికి తెల్లవారితే గాని
ఇక్కడ ఈయనకి పొద్దుగూకదు.
పైవాడంటే మా ఇంట్లో దేవుడనుకుంటాం.
ఆ పైవాడికీ ఎక్కడో ఒక పైవాడుండే ఉంటాడు,
దీపం ఆర్పకుండా.

మా కాగితాల అడుగున వరసగా నాలుగు గళ్ళు.
కుడి చివర నా సంతకం, పక్కన ఆయన ఎర్ర ముద్ర,
ఎడమ చివర డైరెక్టరు.
ఆయన ముద్ర ఎప్పుడూ నిటారుగా ఉండదు,
ఎడమకి ఒరిగి ఉంటుంది.
పేరు కూడా పెద్దవాళ్ళకి వంగాలట.
డెనిస్ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత నా సంతకం చూసుకున్నాను:
ఎవరూ నేర్పలేదు దానికి,
అయినా ఎడమకే వాలి ఉంది.

ఏప్రిల్‌లో వెనక్కి రమ్మన్నారు, పది రోజుల ముందు చెప్పి.
పబ్బులో అరగ్లాసుకే చెవులు ఎర్రబడి
అందరికీ ఆయనే వైను పోస్తూ తిరిగారు.
డెనిస్ సీసా లాక్కుంది.
"ఈ దేశంలో ఎవడిది వాడే పోసుకోవాలి, షిగ్" అంది.
అని, ఆయన గ్లాసులోకే పోసింది.

సోమవారం ఆయన బల్ల ఖాళీ.
నా సొరుగులో నా సెలవు కాగితం,
ఆయన ఆమోదించిన ఆఖరుది.
ఎర్ర ముద్ర కుడివైపుకి వాలి ఉంది.
నా గడి వైపు.
తొందరలో చెయ్యి జారి ఉండొచ్చు.
డెనిస్‌కి చూపించలేదు.

కొత్తాయన ఐదున్నరకే వెళ్ళిపోతారు.
"సారూ గీరూ వద్దు, టెట్సు అని పిలువు చాలు" అన్నారు.
ఊఁ, అన్నాను.