డ్రెయిన్ ఎందుకు మేడమ్

రాత్రి రెండున్నరకి
పగిలిన అపెండిక్సు తీసి, కడిగి, తుడిచి
అలవాటుగా చెయ్యి చాచాను గొట్టం కోసం.
సిస్టర్ అందించే లోపు
మాస్కు వెనకనుంచి అన్నది హారిక:
"డ్రెయిన్ ఎందుకు మేడమ్?"

ఎందుకంటే మా సారు పెట్టేవారు.
ఆయనకి వాళ్ళ సారు పెట్టి చూపించారు.
ఆ మాట నోటిదాకా వచ్చి
మాస్కు లోపలే తడిసి ఆగిపోయింది.
"పెట్టు" అన్నాను. పెట్టింది.
కుట్లు మాత్రం కొలిచినట్టు వేసింది.

చెయ్యి తిరిగిన పిల్ల.
మూడేళ్ళకి ఎవరికైనా తిరుగుతుంది చెయ్యి,
ఈ వార్డుల్లో కోతలకి కరువు లేదు.
ప్రశ్న తిరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో
ఏ సిలబస్సులోనూ లేదు.

నిజానికి ఆ ప్రశ్న ఆమెదీ కాదు.
పదకొండో నంబరు మంచం దగ్గర
పురానాపూల్‌లో పూలమ్మే యాకమ్మ
కొడుకు కాళ్ళు ఒత్తుతూ అడిగిందట:
"గీ పైపు తీస్తెనే పంపిస్తరా బిడ్డా?
దుకాణం బందువెట్టి నాలుగు దినాలాయె."
మేమందరం రోజూ విన్నదే ఆ మాట.
హారిక రాసుకుంది.

తర్వాత ఆరు నెలలు
డ్యూటీ దిగి హాస్టలుకి పోకుండా
రికార్డు రూముకి పోయింది.
గాజుగుడ్డతో కట్టిన కేసు షీట్లు,
ఏదో వానాకాలపు మూసీ వాసన ఇంకా వదలనివి,
చెదలు మింగిన తేదీలు,
నా చేతిరాత నాకే తెలియని పేజీలు.
లతీఫ్ భాయ్ మొదట విసుక్కున్నాడు.
తర్వాత స్టూలు ఇచ్చాడు.
తర్వాత తన ఫ్లాస్కులో సగం చాయ్.

నేను నేర్పింది తక్కువ.
"ఎవర్ని వదిలేశావో ముందు రాయి,
ఎవర్ని లెక్కపెట్టావో తర్వాత" అన్నాను.
"నీకు నచ్చిన జవాబునే
ఎక్కువ అనుమానించు" అన్నాను.
ఎథిక్స్ కమిటీ మూడుసార్లు తిప్పి పంపితే
మూడుసార్లూ అఫ్జల్‌గంజ్ హోటల్లో లుక్మీ తినిపించాను.
ఒక్క వాక్యం దిద్దిపెట్టలేదు.
చెయ్యి ఎంత దురద పెట్టిందో నాకు తెలుసు.

రెసిడెంటుగా నేనడిగిన ఒకే ఒక్క ప్రశ్నని
మా సారు చక్కగా దిద్దారు.
ఎంత చక్కగా అంటే
అచ్చయ్యేసరికి అది ఆయనదైంది.
నా పేరు ఐదోది,
ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో.

నిన్న లెక్క తేలింది.
నాలుగు వందల పన్నెండు మంది.
గొట్టం పెట్టినవాళ్ళకి చీము తగ్గిందేమీ లేదు,
రెండు రోజులు ఎక్కువున్నారు, అంతే.
సగానికి పైగా నా చేతి గొట్టాలే.
కాగితం నా ముందు పెట్టి
హారిక ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

రెండు రోజుల్ని మంచాలతో హెచ్చవేశాను,
ఇరవయ్యేళ్ళతో హెచ్చవేశాను.
ఎన్ని బుట్టల పూలు వాడాయో
ఆ టేబుల్లో గడి లేదు.

"ఇవి పాత షీట్లు మేడమ్.
జబ్బు ముదిరినవాళ్ళకే మీరు పెట్టి ఉండొచ్చు.
ఇది రుజువు కాదు.
తేలాలంటే చీటీ తీసి
ఒకరికి పెట్టాలి, ఒకరికి మానాలి."
రెండో ఫైలు తీసింది, అప్పటికే రాసి ఉంది.
నన్ను ఓదార్చడానికి కాదు ఆ మాట.
నేను నేర్పిందీ కాదు.

మొదటి పేరు: ముడావత్ హారిక.
నాది ఎక్కడ పెట్టాలని అడిగింది.
"ముందు చెప్పు, నేనేం చేశానని?"
ఆలోచించింది.
చాలాసేపే ఆలోచించింది.

ఈ రాత్రి మళ్ళీ అపెండిక్సు, మళ్ళీ పగిలిందే.
కడిగాం, తుడిచాం.
నా చెయ్యి దానంతటదే లేచింది.
సిస్టర్ దగ్గర గొట్టం సిద్ధంగా ఉంది.
హారిక ఏమీ అనలేదు.
నేనే అడిగాను.