చుట్టబట్ట

ఖోర్ ఖ్వేర్ కొండను పొద్దుగాల పేల్చిండ్రు.
దుమ్ము కూలబడేసరికి పదయింది.
మిషను మింగగలిగినవన్నీ క్రషర్‌కు,
మింగలేనివి ఓర్సు రాజమొగిలికి.
పదకొండేండ్ల సంది ఈ రాస్ అల్ ఖైమాల ఇదే పంపకం.

రాయికి వాటం ఉంటదని నాయిన చెప్పేటోడు.
సుత్తితో తట్టి చెవి ఒగ్గాలె.
ఖంగుమంటే ఒట్టి రాయి.
బొద్దుమంటే లోపల ఏదో దాచుకున్నట్టు.

ఈ బండ బొద్దుమన్నది.

శానం పెట్టి మూడు దెబ్బలేసిన.
నాలుగోది పడకముందే
పండిన సీతాఫలం లెక్క అదే విచ్చుకున్నది.
ఒక చెక్కల ఉబ్బెత్తుగ ఒక చుట్ట,
ఇంకో చెక్కల అదే చుట్ట, గుంటవడి.

జిలేబి అన్నడు షఫీకుల్.
పొట్టేలు కొమ్మన్నడు గుల్ జమాన్,
చెవి పక్కన వేలు గిరగిర తిప్పి చూపించుకుంట.
గురుంగు హెల్మెట్ తీసి పక్కకు పెట్టిండు.
వాళ్ళ దిక్కు ఏట్ల ఇసొంటియి నల్లగ దొరుకుతయంట,
తులసాకు ఏసి కడుగుతరంట.
ఇది తెల్లగున్నది, దేవుడో కాదో అని
కొంచెంసేపు మనసుల కొట్లాడుకొని
కండ్లకద్దుకున్నడు.

నాకైతే అవ్వ చుట్టబట్ట యాదికొచ్చింది.
పాత చీర పీలికను మెలివెట్టి, చుట్టి, నెత్తిన కుదురు చేసుకొని
దాని మీద తట్ట, తట్టల కంకర.
పొద్దుగూకినంక కింద పడేస్తే
విచ్చుకునేదే కాదు ఆ బట్ట.
చెమట ఎండి, ఉప్పువట్టి
అట్లనే చుట్టగ, గట్టిగ.
చిన్నప్పుడు దాన్ని బండి చక్రం చేసి దొర్లిస్తుంటి.

కొండ కొలిచే మేడమ్ ఒచ్చి వంగి చూసింది.
ఈ కొండంత ఒకప్పుడు సముద్రం అడుగేనంట.
దీని జాతి పేరు చెప్పింది, నా నోట్ల తిరగలే.
ఆ జాతిది ఇప్పుడు ఒక్కటి లేదంట.
మెత్తటి పెయ్యి ఎట్లుండెనో ఎవ్వరు చూడలేదంట.
మరి పేరెట్ల పెట్టిండ్రు అంటే
ఇంటిని చూసే అన్నది.

ఇంటిపేరన్నట్టు.
నన్ను సుత ఈడ రాజమొగిలీ అని పిలిచెటోడు లేడు.

పెరిగినకొద్ది ముందట ఒక అర్ర కట్టుకునేదంట,
వెనకదానికి గోడ పెట్టుకునేదంట.
ఎప్పుడైనా కాపురం చివరి అర్రలనే.
విడిచిపెట్టిన అర్రలు?
అవి ఖాళీగ ఉండబట్టే నీళ్ళల్ల తేలిందంట.

గోరుతోని దుమ్ము గీకి లెక్కవెట్టిన.
ముప్పయి దాటినయి. నడుమ ఒక దగ్గర తప్పిన.
మళ్ళ మొదటికెల్లి మొదలువెడుతుంటే

"ఓర్సూ! బెల్టు ఖాళీగ తిరుగుతున్నది!"

లోడర్ పండ్లకు ఏ చెక్క దగ్గరుంటే అదే.
ఉబ్బెత్తుది పోయింది.
ఆపు అని చెయ్యి లేపిన,
టాటా అనుకున్నడేమో, డ్రైవర్ కూడ చెయ్యి ఊపిండు.
క్రషర్ చప్పుడు మారనన్న మారలే.

ఆ కంకర ఓడెక్కి కువైట్ పోతదంట.
ఆడ సముద్రంల అలలకు అడ్డం కట్ట పోస్తున్నరంట.
ఎన్ని కోట్ల ఏండ్లకో
తునకలు తునకలయి, తన నీళ్ళకు తాను.
మంచిదో చెడ్డదో నాకు తెలవది.

గుంట చెక్కను చెక్కి పలుచగ చేసి
అన్నం డబ్బ సంచిల దాచి తెచ్చిన.
ఎనిమిది మంచాల గదిల
ఎవనికీ అడ్డం కాని జాగ ఒక్కటే ఉన్నది:
ఏసీ కింద, నీళ్ళు కారే మూల.
గుల్ జమాన్ దాంట్ల ఒకసారి సిగరెట్ దులిపిండు.
గురుంగు ఏమనకుంట పోయి కడిగి తెచ్చిండు.

రాత్రి మూడింటికి మెలకువొచ్చింది.
బొట్టు మీద బొట్టు.
సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే
గుంట నిండింది.

నీళ్ళు
లోపలి చిన్న అర్రకెల్లి బయటి పెద్ద అర్ర దాక
చుట్ట తిరిగి
ఒంటి మీద సన్నటి గీతలతోని
కదలకుంట పండుకున్నయి.

ఇంకో బొట్టు పడ్డది.
అది వణికింది.