పైకా, కిందికా

పొగతోటలో డాక్టరమ్మ
నా ఎడమకాలి బొటనవేలు పట్టుకుని
"కళ్ళు మూసుకో పెద్దాయనా" అనింది.
"ఇప్పుడు వేలు పైకుందా, కిందికుందా?"

ఇదేం పరీక్ష అనుకున్నా.
నా వేలు నాకు తెలవదా.
"పైకి" అన్నా.
మూల కుర్చీలో మా చెంచమ్మ
దగ్గినట్టు చిన్న సద్దు చేసింది.
"ఇప్పుడు?"
"కిందికి."
మళ్ళీ అదే దగ్గు.

లేసి నిలబడమనింది, కళ్ళు మూసుకునే.
నేల గూడూరు రైలు మాదిరి ఊగింది,
డాక్టరమ్మ భుజమ్మీద పడ్డా.
పన్నెండేళ్ళ షుగరంట.
కాళ్ళ కాణ్ణించి కబురు మోసే నరం
దోవలోనే ఆగిపోయిందంట.

పాటూరులో మా మగ్గం గుంట
మోకాటి లోతు చీకటి.
పదేళ్ళప్పుడు దాంట్లోకి దిగా.
"కాళ్ళు చూడబాకు" అని మా తాత
కర్రతో నెత్తిన ఒకటేశాడు.
"చూసేవోడికి పోగు తెగుద్ది."
చూడలా. నలభై ఆరేళ్ళు చూడలా.
కుడిది తొక్కితే ఎడమది లేచేది,
నాడె దాని దోవన అది పోయేది,
నేను ఎదురింటి మాలకొండయ్యతో
పెన్నకి నీళ్ళొచ్చిన సంగతి మాట్టాడతా ఉండేవోణ్ణి.
కాళ్ళున్నాయనే గుర్తుండేది కాదు.
కాళ్ళుండడమంటే అదేనంట, ఇప్పుడు తెలిసింది.

చేతులు బాగానే ఉండాయి.
నడిరేత్రి కరెంటు పోయినా
చెయ్యి నేరుగా చెంబు కాడికి పోద్ది,
దోమ యాడ కుడితే ఆడ పడుద్ది.
చీకట్లో తిన్నా
ముద్ద ముక్కులోకి పోయిందెప్పుడు?
కాళ్ళే,
ఎవురివో తెచ్చి గుంటలో ఏలాడేసినట్టుండాయి.

మా చిన్నోడు గుంటలో బల్బు పెట్టాడు.
రెండు రోజులు కాళ్ళు చూస్తా నేశా.
కాలు చూస్తే అంచు పోద్ది,
అంచు చూస్తే కాలు పోద్ది.
నెమలి కావాల్సిన జరీ బుటా
మెడ లేని కోడయ్యింది.
షావుకారు చూసి నవ్వలా.
తిట్టినా బాగుండేది.

మూడోనాడు బల్బు పీకేశా.
తొక్కా. తొక్కాననుకున్నా.
నాడె ఇసరబోతుంటే
పక్కగదిలో రాట్నం ఆగింది.
"ఎడమది ఇంకా దిగలా" అనింది చెంచమ్మ.

ఆమె కూకున్న కాణ్ణించి గుంట కనపడదు,
నడాన గోడ.
మళ్ళా తొక్కా.
రొవంత సేపు ఏమీ అనలా.
"ఆఁ, ఇప్పుడు ఇసురు."
రాట్నం మళ్ళా తిరిగింది.

ఆ పొద్దు జానెడు నేశాం.