రెండో సీసా

ఊనా తినేవి నాలుగే:
మెకరోనీ, బంగాళాదుంప, పాలు,
అంచులు కోసేసిన రొట్టె.
పళ్లెంలో కూడా మంచే కురిసినట్టుంటుంది.

ఔలులో నవంబరు. మూడింటికే దీపాలు.
రానని మొరాయించే ఎండకు బదులు
రోజూ చెంచాలో కొన్ని చుక్కలు,
ఈ ఊళ్లో ప్రతి పసిబిడ్డకీ. దాంతో పేచీ లేదు.

పేచీ అంతా ఈ రెండో సీసాతో.
ఎర్రటి ఎలుగుబంట్లు, జిగటగా, తియ్యగా.

నర్సు హెల్కా గీత వెంట వేలు జరిపి
"బాగానే పెరుగుతోంది,
రక్తంలో ఇనుమెంతుందో చూశాక ఆలోచిద్దాం" అంది.
ఆవిడ వారం తర్వాత ఆలోచిస్తుంది.
నేను రాత్రి రెండింటికి.
సైమి నిద్రపోయిందనుకుని లేబుల్ చదువుతాను,
తనూ చదివింది, మడత చెబుతోంది.

ఇస్తే, మందు పిల్లకా
మా భయానికా?
ఇవ్వకపోతే, రేపెప్పుడో పిల్ల కాస్త నీరసంగా కూర్చుంటే
నా మొహం నేనెక్కడ దాచుకోను?

నిన్న నా పళ్లెంలోంచి బఠాణీ గింజ తీసి
నాలిక్కి ఆనించి, మొహం చిట్లించి,
జేబులో వేసుకుంది.

ఇప్పుడు గౌను ఉతకబోతే
అడుగున దొరికింది, వడలి, ఇంకా పచ్చగానే.
పారెయ్యలేకపోయాను.
సీసా మూత మీద పెట్టాను.
రేపు మూత తియ్యాలంటే
ముందు దాన్ని తియ్యాలి.